దింటెన పొడి, కదలని ఫైల్స్

మంగళగిరి,
సోమవారం.

పున్నమ్మత్తకి నమస్కారాలతో మేనకోడలు శ్రీరమ్య రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, మామయ్యా, కొత్తగా ఈనిన గేదే బాగున్నారని తలుస్తాను.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోతావు. నీ ఫోన్ సంగతి నీకంటే మీ వీధికి బాగా తెలుసత్తా. నీకు చెవులు మందగించాక మామయ్య దాన్ని స్పీకర్‌లో పెట్టాడు, ఇక తీయలేదు. పోయినసారి నాకు జలుబు చేసిందని నీకు చెబితే ఎదురింటి సంతోషకుమారి గారు తన అరుగు మీద నుంచే కషాయం ఎలా కాచుకోవాలో చెప్పారు. ఇప్పుడు చెప్పేది వీధికి చెప్పే విషయం కాదు. నాన్న చెవిన అసలే పడకూడదు.

మీ దొడ్డి కంచె మీద నీలంగా పూస్తుందే శంఖుపుష్పం, ఆ పువ్వులు కావాలి. ఎన్ని దొరికితే అన్ని కోసి, నీడన ఎండబెట్టి పంపు. టీ కాచాలి.

ఎందుకో పూర్తిగా రాయను. ఉత్తరం మామయ్య చేతిలో పడిందంటే సాయంత్రానికి నాన్నకి చేరిపోతుంది. ఒక్క మాట మాత్రం చెబుతాను. మూడు నెలలుగా నా ఫైల్స్‌తో నరకం పడుతున్నాను. రెండున్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఎంత ప్రయత్నించినా కదలవు. ఆఫీసులో కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. మా భవనం మేనేజరు వేణుగోపాల్ గారికి చూపించాను. పైపైన చూసి, "ఇంత పెద్దదా! వచ్చే వారం తీరిగ్గా చూస్తాలెండి" అన్నారు. ఆ వచ్చే వారం ఇంతవరకు రాలేదు.

ఈ పువ్వుల వల్లే నా బాధ తీరాలి. త్వరగా పంపు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
శ్రీరమ్య

తా.క. ఒకవేళ నాన్న అడిగితే నేను కుదురుగా కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్నానని చెప్పు.

---

పొదిలి,
గురువారం.

చిరంజీవి శ్రీరమ్యకి మేనత్త పున్నమ్మ వెయ్యి దీవెనలతో రాస్తున్నది.

నీ ఉత్తరం చదివి మంచం మీద కూలబడ్డాను. కూలబడ్డాక, అక్కడ నువ్వు కూర్చోలేకపోతున్నావన్న మాట గుర్తొచ్చి మళ్ళీ లేచి నిలబడ్డాను. ఈ ఉత్తరం కూడా కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడే రాస్తున్నాను.

ఈ వయసులో పైల్స్ ఏమిటే నా తల్లీ! అందులోనూ రెండా! మూడు నెలలు ఎలా ఓర్చుకున్నావే!

నువ్వేం భయపడకు. మీ మామయ్యకీ పైల్స్ ఉండేవి. నీకు తెలియదు, మేం బయటికి పొక్కనివ్వలేదు. ఆ ఏడు మిరపకోతలు జరుగుతున్నంత కాలం మనిషి నిలబడే ఉన్నాడు. అన్నం కూడా నిలబడే తిన్నాడు. చివరికి ఒంగోలు తీసుకుపోతే అక్కడొక పెద్దాయన చెయ్యి పెట్టాక గాని తేలలేదు. ఇప్పుడు రాజాలాగా కూర్చుంటున్నాడు.

ముందు కారం తగ్గించు. మిరప పండించే ఇంట్లో పుట్టి ఈ మాట రాయాల్సి వచ్చిందే అని నాకే సిగ్గుగా ఉంది. అయినా తగ్గించు.

ఇంకో మాట. మేనేజరుకి చూపించడమేమిటే? నలుగురికీ చూపించేవా అవి? అడిగాడా, నువ్వే చూపించావా? చూపించక తప్పకపోతే ఆడవాళ్ళెవరూ లేరా ఆ ఊళ్ళో? ఆయనకి పెళ్ళయిందా?

పువ్వులు పంపుతున్నాను. మేం దీన్ని దింటెన అంటాం. సోమవారాలు శివుడికి పెడతాం. మా అమ్మ అన్నంలో వేసి వండితే నీలంగా తేలేది, శనగపిండిలో ముంచి బజ్జీలు కూడా వేసేది. పువ్వు సాధువు, ఎవరినీ ఏమీ అనదు. దాంతో నీ పని జరగదు. అసలు పని చేసేవి గింజ, వేరు. అందుకని రెండూ ఎండబెట్టి దంచిన పొడి వేరే పొట్లం కట్టి పెట్టాను. నీవి ఎంత మొండివైనా సరే, ఇది పడితే కదలాల్సిందే. చిటికెడంటే చిటికెడే. ఎక్కువైతే ఏమవుతుందో ఉత్తరంలో రాసే సంగతి కాదు.

నీ కోసం మొక్కుకుంటున్న
అత్త

తా.క. పొట్లం మీద నా పేరు రాశాను, మెంతిపొడి అనుకుని పులుసులో వేసేవు.

రెండో తా.క. మెత్తటి దిండు కూడా పంపుదామనుకున్నాను. పార్సిల్‌లో పట్టలేదు.

---

మంగళగిరి,
సోమవారం.

బంగారంలాంటి అత్తకి శ్రీరమ్య నమస్కరించి రాస్తున్నది.

పువ్వులు అందాయి. ఎంత బాగా ఎండబెట్టావత్తా! ఒక్కటి కూడా నలగలేదు. వేడినీళ్ళలో వేయగానే మంగళగిరి చీర అంచులో నీలం ఉంటుందే, ఆ రంగు దిగింది.

మామయ్యకీ ఫైల్స్ ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. మీ పొలం రికార్డుల్లో పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూముల్లో పడిందని నాన్న ఎప్పుడో అన్నాడు, అదేనా? పాపం, పెద్దమనిషిని అన్నాళ్ళు నిలబెట్టారా! ఈ ఆఫీసులవాళ్ళు కుర్చీ కూడా వెయ్యరు. ఒంగోలులో చెయ్యి పెట్టిన ఆ పెద్దాయన పేరు రాసి పంపు. ఇక్కడ కుదరకపోతే నావీ ఆయన ముందే పెడతాను.

కారం తగ్గించమన్నావు. నిజమే. ఆ మధ్య వేణుగోపాల్ గారితో కాస్త ఘాటుగా మాట్లాడాను. ఇకనుంచి తియ్యగా మాట్లాడతాను. మా భవనంలో ఆడ మేనేజర్లు లేరత్తా, ఉన్నదాయనొక్కడే. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. అదెందుకు అడిగావో మాత్రం అర్థం కాలేదు.

ఇక శుభవార్త. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ముహూర్తం కుదిరింది! వేణుగోపాల్ గారు తానొక్కడే చూస్తే చాలదట. భవనంలో ఉన్న ఆఫీసులన్నిటి నుంచి ఇరవై మందిని పిలుస్తానన్నారు. పై అంతస్తులో పెద్ద హాలిచ్చారు. ముందు అందరికీ నీలం టీ ఇస్తాను. తర్వాత దీపాలార్పి, గోడ మీద తెర కట్టి, నా ఫైల్స్ రెండూ అందరికీ కనిపించేలా పెద్దవి చేసి చూపిస్తాను. నా గదిలో ఉండే లిడియా ఫోటోలు తీస్తానంది.

నీ పొడి వాసన చూశాను, అంత గొప్పగా ఏం లేదు. అయినా ఇది పడితే కదులుతాయని అంత నమ్మకంగా రాశావు కాబట్టి వేస్తాను. మనిషికి చిటికెడు చొప్పున ఇరవై మందికి రెండు చెంచాలు సరిపోతుందా?

నీ
శ్రీరమ్య

తా.క. టీలో నిమ్మకాయ పిండితే నీలం కాస్తా వంకాయ రంగులోకి మారుతుంది. దాంతోనే జనం నోళ్ళు తెరుస్తారు చూడు.

---

పొదిలి,
గురువారం, ఉత్తరం అందిన వెంటనే.

చి. శ్రీరమ్యకి అత్త కాళ్ళూ చేతులూ ఆడక రాస్తున్నది.

తెర కట్టి చూపిస్తావా! పెద్దవి చేసి! ఫోటోలా! నీకేమైనా మతి పోయిందా? మన వంశంలో ఇంతవరకు పెళ్ళిచూపుల ఫోటో కూడా ఎవరూ బయటికి పంపలేదే!

అది తర్వాత. ముందు ఆ పొడి పారెయ్. ఎవరికీ పొయ్యకు. సిగ్గుపడి నేను పూర్తిగా రాయకపోవడం నా తప్పు, ఇప్పుడు రాస్తున్నాను. దింటెన గింజా, వేరూ విరేచనాల మందు. ఎక్కువైతే కడుపు మెలితిప్పేస్తుంది, వాంతులవుతాయి, ఒంట్లో నీరంతా పోయి మనిషి తూలిపోతాడు. కడుపుతో ఉన్నవాళ్ళు, పసిపిల్లలు దాని జోలికే పోకూడదు. మా చిన్నప్పుడు బుల్లయ్య అని ఒకాయన పందెం కట్టి గుప్పెడు గింజలు నమిలాడు. పొగాకు కాల్చే బ్యారన్ కొట్టం వెనక్కి వెళ్ళినవాడు మర్నాటి దాకా ఇటు రాలేదు. వచ్చాక వాళ్ళమ్మే గుర్తుపట్టలేదు. అలాంటిది ఇరవై మందికి, అదీ పై అంతస్తులో! అక్కడ దొడ్లు ఎన్ని ఉన్నాయే?

ఇందాక ఫోన్ చేశాను. నువ్వు ఎత్తావు. అదే సమయానికి వీధిలో మిరపకాయ టిక్కీ బస్తాలేసుకుని ట్రాక్టరు వచ్చి ఆగింది. "పొడి వెయ్యకే! ఇరవై మందీ పోతారే!" అని గొంతు చించుకున్నాను. నువ్వేమో "అవునత్తా, ఇరవై మందీ వస్తారు!" అని సంతోషంగా అన్నావు. అంతే, కట్టయింది. మళ్ళీ చేస్తే పలకలేదు. నీకు వినపడలేదు గాని వీధికి వినపడింది. సంతోషకుమారి పరిగెత్తుకుంటూ వచ్చి "ఇరవై మందే! బస్సా అక్కా, లారీనా?" అని ఏడుపు మొదలుపెట్టింది. ట్రాక్టరు తోలే జక్రయ్య ఇంజను ఆపేసి టోపీ తీసి నిలబడ్డాడు.

ఇక లాభం లేదని మీ నాన్న దగ్గరికి పోయాను. నన్ను క్షమించు. "ఒరేయ్ శివా, రమ్యకి పైల్స్ రా! మూడు నెలలుగా కదలక పిల్ల ఏడుస్తోంది రా!" అన్నాను. వాడి మొహం తెల్లగా పాలిపోయింది. "నీకెవరు చెప్పారక్కా?" అన్నాడు. "అదే రాసింది" అన్నాను. గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, తెల్లవారి మొదటి బస్సుకే పోతానన్నాడు. ఎంత ప్రేమే వాడికి నువ్వంటే!

ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. మగవాడు చదవకూడదని అన్నం మెతుకులతో నాలుగు వైపులా అంటించాను. అందగానే చదువు.

వణికిపోతున్న
అత్త

తా.క. తెర మాత్రం వద్దే!

---

మంగళగిరి,
శనివారం.

అత్తకి శ్రీరమ్య నమస్కరించి, నవ్వలేక, ఏడవలేక రాస్తున్నది.

ముందుగా చెప్పేది, ఎవరూ పోలేదు. వీధికి చెప్పు.

రెండోది, నాకు పైల్స్ లేవు! నాకున్నవి ఫైల్స్. ఆఫీసు కాగితాలత్తా! హడావుడిలో రాస్తే నా 'ఫ' కింద గీత సరిగ్గా పడనట్టుంది. నువ్వు 'పైల్స్' అని రాస్తే, మన ఊళ్ళో అందరూ ఫైలుని పైలనే అంటారు కదా అని నేను సర్దుకున్నాను. మామయ్య ఒంగోలు సంగతి ఇప్పుడు అర్థమైంది. ఆ పెద్దాయన పేరు ఇక పంపనక్కర్లేదు.

అసలు సంగతి, మా భవనం కింద ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ సొంతంగా టీ దుకాణం పెట్టుకుంటానని మేనేజరుకి అర్జీ పెట్టుకున్నాను. చిన్న ఫైలు ఆ చోటు కోసం, పెద్ద ఫైలు దుకాణం ఎలా ఉంటుందో గీయించిన బొమ్మలు. వాటినే తెర మీద చూపించాలనుకున్నది.

నిన్న ఏం జరిగిందో విను. నీ ఫోన్‌లో నాకు 'పొడి' అన్న మాటా, 'పోతారే' అన్న మాటా లీలగా అందాయి. మొదట 'వస్తారే' అనుకున్నాను. పడుకున్నాక చెవిలో మళ్ళీ తిరిగింది. ఏది వేస్తే ఎవరు పోతారో తెలియక, ఎందుకొచ్చిన గొడవని పొడి పొట్లం విడిగా బల్ల చివర పెట్టాను. టీలో పువ్వులూ, తేనే, నిమ్మరసం తప్ప ఏమీ లేవు.

మూడున్నరకి నాన్న హాల్లోకి వచ్చాడు. నన్ను కిందికీ పైకీ చూశాడు. "నా మీద కోపంగా ఉందా అమ్మా?" అన్నాడు. అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. తన పరిస్థితే బాగాలేదు. బస్సు చెడిపోయి దారిలో చిలకలూరిపేట బస్టాండులో గంటలకొద్దీ ఆగి మిరపకాయ బజ్జీలు తిన్నాడట, పొట్ట ఉబ్బి డప్పులా ఉంది. బల్ల మీద పొట్లం కనిపించింది. "మా అక్క రాత! వాము పొడేగా!" అన్నాడు. నేను అటు తిరిగి గ్లాసులు సర్దుకుంటున్నాను. ఇటు తిరిగేసరికి చెంచాడు నోట్లో వేసుకుని వేడినీళ్ళు తాగేశాడు. మూతి తుడుచుకుని, "ఇదిగో, అత్త ఇమ్మంది" అని అప్పుడు తీసి ఇచ్చాడు నీ ఉత్తరం.

నీ మెతుకులు ఊడదీయడానికే చాలాసేపు పట్టింది. బుల్లయ్య గారి దగ్గరికి వచ్చేసరికి తలెత్తి చూశాను. నాన్న లేడు.

నాలుగింటికి ఇరవై మందీ వచ్చారు. టీ వంకాయ రంగులోకి తిరగగానే పిల్లల్లా చప్పట్లు కొట్టారు. మళ్ళీ మళ్ళీ పోయించుకున్నారు. వేణుగోపాల్ గారు కూడా రెండో గ్లాసు అడిగారు. నవ్వారు కూడా. ఇక సంతకం పెట్టేస్తారనుకున్నాను. సరిగ్గా అప్పుడే నాన్న తలుపు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన నాన్నని చూశారు, నాన్న ఆయన్ని చూశాడు. వేణుగోపాల్ గారు గ్లాసు కింద పెట్టేసి "సోమవారం చూద్దాం లెండి" అని గబగబా వెళ్ళిపోయారు. నాన్న కూడా వెళ్ళిపోయాడు, వేరే పక్కకి.

లిడియా ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించింది. అయినా ఆగక క్లినిక్‌కి తీసుకెళ్ళాం, సెలైన్ ఎక్కించారు. "పువ్వు టీ తాగితే తాగండి గాని ఈ గింజలతో సొంత వైద్యం చెయ్యకండి" అని డాక్టరమ్మ నన్ను కోప్పడింది. ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు, ఇవాళ బస్సెక్కించాను. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. దుకాణం సంగతి తెలిసినందుకు కోపమే అనుకుంటాను. ఫైల్స్ మాత్రం అక్కడే ఉన్నాయి. ఈ నెలాఖరుకి కుదరకపోతే ఆ మూల జిరాక్స్ వాళ్ళకి ఇచ్చేస్తారట. ఇక ఆశ వదులుకున్నానత్తా.

శ్రీరమ్య

తా.క. నాన్న బస్సులో కిటికీ పక్కన కాదు, తలుపు పక్కన సీటు అడిగి తీసుకున్నాడు.

---

పొదిలి,
బుధవారం.

చి. శ్రీరమ్యకి అత్త పున్నమ్మ దీవించి రాస్తున్నది. కూర్చునే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నవ్వి నవ్వి పక్క నొప్పి పట్టింది. మీ మామయ్య మాత్రం నవ్వలేదు. తన ఒంగోలు సంగతి నీకు రాసేశానని అలిగి గేదెతోనే మాట్లాడుతున్నాడు.

ఆశ వదులుకోవద్దు. కింద రాసేది నెమ్మదిగా చదువు.

మీ నాన్న బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడు. మెత్తగా కలిపి మజ్జిగన్నం పెట్టాను. తిని మంచం మీద వాలాడు. "అక్కా, ఒక మాట చెప్పాలి" అన్నాడు. "చెప్పరా, కడుపులో ఇంకేం మిగిలింది గనక" అన్నాను.

మిగిలిందే తల్లీ. అదీ బయటికి వచ్చింది.

మీ వేణుగోపాలూ మీ నాన్నా పొదిలి కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు! నువ్వు అర్జీ పెట్టిన వారానికే ఆయన ఫోన్ చేసి, "మీ అమ్మాయి టీ దుకాణం పెడుతుందట, నీకు తెలుసా?" అన్నాడట. "అంత చదువు చదివించింది టీ గ్లాసులు కడగడానికా! ఫైలు కదలనీయకు, విసిగి తనే మానుకుంటుంది" అని మీ నాన్నే చెప్పాడట. మూడు నెలలుగా దాన్ని బిగబట్టింది వీడే! అందుకే, నేను పోయి "రమ్యకి పైల్స్, కదలక ఏడుస్తోంది" అనగానే వాడి మొహం పాలిపోయింది. నాకు ప్రేమలా కనిపించింది, వాడికేమో దొరికిపోయానని గుండె జారింది. నీ కాళ్ళావేళ్ళా పడదామని వచ్చాడట. నువ్వు నవ్వుతూ ఎదురొచ్చేసరికి ఏం చెయ్యాలో తోచక ముందు పొట్ట సంగతి చూసుకుందామని ఆ పొడి వేసుకున్నాడు.

నేను ఊరుకున్నానా? సెలైన్ ఎక్కిన మనిషని కూడా చూడకుండా దులిపేశాను. తల వంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి ఒక మాటన్నాడు, అది మాత్రం నీకు రాయాలి.

"అక్కా, హాలు ముందు నుంచి పరిగెడుతూ ఒక్కసారి లోపలికి చూశాను. అంతమంది చదువుకున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని మన పిల్ల చుట్టూ నిలబడ్డారు. అదేదో చెబుతుంటే వింటున్నారు. అది మా అమ్మాయి అని పక్కనున్నాయనకి చెబుదామని ఆగాను. ఆగితే కుదర్లేదు."

ఆ మాటనేటప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒంట్లో అంత నీరు పోయాక ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు.

వెంటనే నా ఎదురుగానే వేణుగోపాల్‌కి ఫోన్ కలిపాడు. "ఒరేయ్ వేణూ, మా అమ్మాయి ఫైలు వదిలెయ్ రా" అన్నాడు. అవతల నుంచి ఆయన, "హమ్మయ్య! నువ్వు ఆ మాట అంటావని ఎదురు చూస్తున్నాన్రా. రెండో గ్లాసు సగంలో వదిలేసి వచ్చాను, ఇప్పటికీ మనసు అక్కడే ఉంది" అన్నాడు. ఈ ఉత్తరం నీకు అందేలోపే సంతకం అయిపోయి ఉంటుంది. దుకాణం తెరిచే రోజు మేమంతా వస్తాం. పువ్వులు నేను తెస్తాను. గింజలు కాచిన కాయలన్నీ కోసి గోతిలో పూడ్చేశాను.

నీ గెలుపు చూడాలని ఉబలాటపడుతున్న
అత్త

తా.క. మీ నాన్న దుకాణం ముందు నిలబడి వచ్చేవాళ్ళందరినీ తనే పిలుస్తాడట. ఎంత మంది అడిగినా "మా అమ్మాయిదే" అని చెబుతాడట. టీ మాత్రం ముందు మీ మామయ్య తాగి, గంట సేపు అక్కడే కూర్చుంటే, అప్పుడు తాగుతాడట.